నాలుక కింద బిళ్ళ

పెడనలో పూర్ణచంద్రరావు గారి అద్దకం షెడ్డులో కథలు చెప్పడం మేస్త్రి శోభనాద్రి పని, ఊఁ కొట్టడం తక్కినవాళ్ళ పని. అచ్చులు వెయ్యడం ఆ రెండింటి మధ్యా ఎలాగో జరిగిపోతూ ఉంటుంది.

శోభనాద్రికి అరవై ఏడేళ్ళు. చదువు ఐదో తరగతి. ఆరో తరగతి పంతులు ఈయన తెలివికి జడిసి దివిసీమకి బదిలీ చేయించుకున్నాడని, అందుకే తన చదువు ఆగిపోయిందని ఆయనే చెబుతాడు. అద్దకంలో మాత్రం అబద్ధం లేదు. ఆయన వేసిన అచ్చు పక్క అచ్చుతో ఎక్కడ కలిసిందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఆ సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి నాగాయలంక పీత కథ ఎత్తుకున్నాడు.

"అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. రేవులో కాళ్ళు కడుక్కుంటుంటే చేటంత పీత వచ్చి నా పంచె అంచు పట్టుకుంది. నేను అద్దుకున్న పంచే. మూడ్రోజులు వదల్లేదు. దాంతోనే తిన్నాను, దాంతోనే పడుకున్నాను. నాలుగోరోజు వదిలింది. చూద్దును గదా, దాని డిప్ప మీద మామిడిపిందె అచ్చు దిగిపోయింది!"

"ఉతికినా పోలేదా బాబాయ్?" అన్నాడు పక్క బల్ల సుధాకర్.

"పోతుందిట్రా? నా రంగు! ఆ పీత పిల్లలకీ, పిల్లల పిల్లలకీ ఇప్పటికీ అదే పిందె. కావాలంటే నాగాయలంక వెళ్ళి చూడు."

షెడ్డంతా నవ్వింది. నాగవంశీ ఒక్కడే నవ్వలేదు. పెదాలు విడదీయకుండా "ఊఁ" అన్నాడు.

నాగవంశీ శోభనాద్రి చెల్లెలు చిలకమ్మ కొడుకు. ఇరవై ఆరేళ్ళవాడు. మళ్ళీ పనిలో చేరి నలభై రోజులైంది. చేరిన దగ్గర్నుంచీ రోజూ ఇదే వరస. తొమ్మిదింటికి ఓ పది నిమిషాలు నోరు విప్పడు. కళ్ళు మావయ్య మీదే పెట్టుకుని ఊఁ కొడుతూ ఉంటాడు. తక్కినవాళ్ళ ఊఁలో వెటకారం ఉంటుందనీ, వీడి ఊఁలో భక్తి ఉందనీ శోభనాద్రి మురిసిపోయేవాడు. తన దగ్గరున్న మంచి కథలన్నీ ఆ తొమ్మిదింటికే దాచిపెట్టేవాడు.

"చూశారా, మా అల్లుడొక్కడే నమ్మాడు. ఒరే అల్లుడూ, నువ్వెప్పుడన్నా నాగాయలంక వెళ్ళావా?"

"ఊఁ."

"ఎవరితో?"

"ఊఁ."

"ఎవరితోరా అంటే ఊఁ అంటావేంటి? నోట్లో ఏవన్నా ఉందా?"

నాగవంశీ కాస్త ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. సుధాకర్ తలెత్తకుండానే అందుకున్నాడు.

"బిళ్ళ బాబాయ్. రోజూ గోడవైపు తిరిగి నాలుక కింద పెట్టుకుంటాడు. అది కరిగేదాకా మాట్లాడడు. నీ కథ కోసం అనుకున్నావా?"

అచ్చుల చప్పుడు ఆగిపోయింది. ఆ షెడ్డులో బిళ్ళ అంటే నొప్పి బిళ్ళే. నాగవంశీ అవి రోజుకి ఇరవై మింగిన రోజులున్నాయి, ముప్పై మింగిన రోజులున్నాయి. రైలు పట్టాల పక్కన పడి ఉంటే సుధాకరూ శోభనాద్రీ చెరో రెక్కా పట్టుకుని ఎత్తుకొచ్చిన రోజూ ఉంది. అవి మాన్పించడానికే కదా చిలకమ్మ వాణ్ణి బందరు పెద్దాసుపత్రిలో చేర్చింది.

శోభనాద్రి చేతిలో అచ్చు పక్కన పెట్టి అల్లుడి బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. ఆ కోపంలో సగం బిళ్ళ మీదా, సగం భక్తి పోయినందుకూ అయి ఉండాలి.

నాగవంశీ గుటక వేసి నోరు తెరిచాడు. "ఇది అది కాదు మావయ్యా. ఇది ఆసుపత్రివాళ్ళిచ్చే మందు. శనివారం శనివారం వెళ్ళి తెచ్చుకుంటున్నాను కదా. ఇది వేసుకుంటే ఒళ్ళు దాన్ని అడగదు."

"ఎన్నాళ్ళు వేసుకోవాలంట?"

"ఏడాది పైనే పట్టొచ్చన్నారు. తరవాత కొంచెం కొంచెంగా తగ్గిస్తారంట."

"రోజూనా?"

"రోజూ."

"పిచ్చివాడా! రోజూ ముంచాల్సొచ్చే రంగుని ఏవంటారో నీకు నేను చెప్పాలా? కచ్చా రంగు అంటారు. పక్కా రంగు ఒక్కసారి ఉడికిందంటే బట్ట చిరుగుతుందేగానీ రంగు పోదు. ఒక బిళ్ళ మాన్పించి ఇంకో బిళ్ళ అలవాటు చేస్తే అదేం వైద్యంరా?" చెయ్యి చాపాడు. "ఇలా తే. నీకు బల్ల కావాలో బిళ్ళ కావాలో ఇప్పుడే తేలాలి."

నాగవంశీ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. నలభై రోజులకిందట షెడ్డులోకి వాణ్ణి రానివ్వొద్దని నలుగురూ అంటే, 'నా అల్లుడు, నా పూచీ' అని బల్ల చూపించింది ఈ మావయ్యే. ఇంకో బల్ల పెడనలో ఎవరూ ఇవ్వరు. వాడు బిళ్ళల పట్టీ తీసి మావయ్య చేతిలో పెట్టాడు. అందులో నాలుగు మిగిలాయి.

ఆ రోజు నాగవంశీ వేస్తున్నది పటిక పని. నల్లగీతలు పడి ఉన్న పెద్ద దుప్పటికి ఎరుపు రావలసిన అంచు పొడుగునా పటిక జిగురు అద్దాలి. అచ్చుని తొట్టెలో మెత్త మీద ఒకసారి ఒత్తి, బట్ట మీద మూలలు చూసి దింపి, పిడికిలి అంచుతో ఒక్క గుద్దు గుద్దాలి. ఆ గుద్దు కాస్త ముందుగా పడినా, ఒక వైపు బరువు ఎక్కువైనా తేడా వచ్చేస్తుంది. చిత్రమేమిటంటే ఆ తేడా అప్పుడు కనపడదు. పటిక అద్దిన చోట బట్ట కాస్త తడిగా ఉంటుంది, ఆరాక అదీ ఉండదు. బట్ట రంగు బానలో ఉడికినప్పుడే ఎక్కడ పటిక ఉందో అక్కడ ఎరుపు లేస్తుంది. అప్పుడు దాచేందుకేమీ ఉండదు. సోమవారం సాయంత్రానికి నాగవంశీ నాలుగు అంచులూ పూర్తిచేసి దుప్పటి దండెం మీద వేశాడు. దాని మీద చూడ్డానికేమీ లేదు.

మంగళవారం ఆవులించాడు. కూర్చుని ఆవులించాడు, నిలబడి ఆవులించాడు, అచ్చు చేతిలో ఉండగా ఆవులించాడు. "వీడి నోట్లోకి బందరు బస్సు దూరిపోయేలా ఉంది" అన్నాడు శోభనాద్రి. ఎవరో నవ్వారు.

బుధవారం ముక్కు కారడం మొదలైంది. మే నెల ఎండకి రేకుల షెడ్డు పెనంలా ఉంటే వాడి చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. చొక్కా చెమటతో తడిసింది. నడుం పట్టుకుని ఒంగి, లేచి, మళ్ళీ ఒంగి రెండో దుప్పటి అంచు అద్దుతున్నాడు. పిడికిలి గుద్దు దెబ్బకో రకంగా మోగుతోంది. కళ్ళు మూసుకుని కూడా చెవితో పని కనిపెట్టే శోభనాద్రికి అది వినపడకపోలేదు.

"ఒంట్లో ఉన్న విషం దిగుతోందిలే. మంచిదే" అన్నాడు సుధాకర్‌తో, కాస్త గట్టిగానే.

మధ్యాహ్నం చిలకమ్మ కొడుక్కి కారియర్ తెచ్చింది. అది విప్పకుండానే అన్న దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, నిన్న పెట్టింది నిన్నే పారబోశాడు. రాత్రంతా కాళ్ళు మంచానికేసి కొట్టుకుంటూనే ఉన్నాడు. ఆ బిళ్ళలేవో వాడికిచ్చెయ్యి."

"ఇంకో మూడ్రోజులు ఓర్చుకో చిలకమ్మా. మొండి మరక, ఒక్కసారి వదిలిందంటే మళ్ళీ రాదు."

"నువ్వు కొత్తగా కనిపెట్టావేంటి? పోయినేడాది ఇంట్లో పెట్టి గడియ వేసి నేనూ మాన్పించాను. నాలుగోరోజు తలుపు తీశాను. ఎక్కడ దొరికాడో నీకు గుర్తులేదా? పట్టాలకి జానెడు దూరంలో."

శోభనాద్రి రంగు తొట్టెలో మెత్త సరిచేస్తున్నట్టు ఒంగాడు.

సాయంత్రం టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు రైల్వే గేటు దగ్గర అల్లుణ్ణి చూశాడు. రోడ్డుకి అవతల మందుల షాపు. ఇవతల నాగవంశీ. షాపులో కుర్రాడు వాణ్ణి గుర్తుపట్టి, ఏం కావాలో అడక్కుండానే అరలోంచి ఏదో తీసి గాజు బల్ల మీద పెట్టి ఉంచాడు. గేటు పడింది. బందరు వెళ్ళే రైలు వచ్చింది, వెళ్ళింది. గేటు లేచింది. సైకిళ్ళూ ఆటోలూ వాడికి రెండు పక్కలనుంచీ పోతున్నాయి. వాడు మాత్రం రెండు చేతులూ చంకల్లో దోపుకుని అక్కడే వణుకుతూ నిలబడ్డాడు. శోభనాద్రి చేతిలో టీ చల్లారిపోయింది. చివరికి నాగవంశీ వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని నడిచే ముసలివాడిలా ఇంటి దారి పట్టాడు.

వాడు రోడ్డు దాటలేదు. కానీ దాటకుండా ఉండడానికి ఎంత పట్టిందో శోభనాద్రి కళ్ళారా చూశాడు. రేపు కూడా అంత ఉంటుందా?

గురువారం పొద్దున్న అందరికంటే ముందు వచ్చింది నాగవంశీయే. శోభనాద్రి వాడి వంక చూడలేక వెనక రాగి బాన దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. జేబులోంచి పట్టీ తీసి తిప్పి తిప్పి చూశాడు. చిన్న తెల్లబిళ్ళ. చంటిపిల్లల గోరంత ఉంది. దీనిలో ఏముంది?

అద్దకంవాడికి ఏదన్నా తెలుసుకోవాలంటే ఒకటే దారి. నల్లరంగు కోసం బెల్లం నీళ్ళలో వేసిన ఇనుము పులిసిందో లేదో నాలుక మీద వేసుకుని చెబుతాడు. పటిక పాళ్ళూ, కరక్కాయ వగరూ నాలుకతోనే తూస్తాడు. శోభనాద్రి నాలుక పెడన మొత్తానికి లాబొరేటరీ. ఆయన ఒక బిళ్ళ ఒలిచి నాలుక కింద పెట్టుకున్నాడు.

చేదు. పది నిమిషాలు కళ్ళు మూసుకుని, లాలాజలం మింగకుండా, నియమం ప్రకారం కరగనిచ్చాడు. ఏమీ కాలేదు. "ఉత్త సున్నపుండ" అనుకుని లేచి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. మనసు తేలికైంది. ఇంతోటి దానికా వీడింత గొడవ చేస్తున్నది!

ముప్పావు గంటకి అచ్చులు కదలడం మొదలుపెట్టాయి. ముందు చిలకల అచ్చు బల్ల అంచుదాకా నడిచింది. దాని వెనక లతలు పాకాయి. రేకుల కప్పు నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగింది. సుధాకర్ ముఖం ఇద్దరి ముఖాలైంది. నలభై ఏళ్ళుగా ఇలాంటివి అబద్ధాలుగా చెబుతూ వచ్చిన శోభనాద్రి, నిజంగా జరిగేసరికి ఒక్క మాట చెప్పలేకపోయాడు. గోడ పట్టుకుని పొద్దున్న తిన్న ఇడ్లీ మొత్తం కక్కేశాడు. తరవాత మెత్తగా, ఎవరో దించినట్టు, నేల మీద కూర్చుండిపోయాడు.

"ఎండదెబ్బ! నీళ్ళు కొట్టండి!" అరిచాడు సుధాకర్.

నాగవంశీ ఒంగి మావయ్య రెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప ఆవగింజంత అయింది. ఆ కన్ను వాడికి తెలుసు. అద్దంలో చాలాసార్లు చూశాడు. మావయ్య జేబులోంచి పట్టీ లాగాడు. నాలుగుండాలి, మూడున్నాయి.

"ఒకటేనా మావయ్యా? ఇంకేవన్నా వేసుకున్నావా?"

శోభనాద్రి ఒక వేలు చూపించాడు. ఆ వేలు ఎత్తడమే కొండ ఎత్తినట్టయింది.

"సుధాకరన్నా, ఆటో. ఎండదెబ్బ కాదు. బందరు."

ఆటోలో శోభనాద్రిని మధ్యలో కూర్చోబెట్టి నాగవంశీ రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. తన ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తన మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"నిద్రపోకు మావయ్యా. నిద్రపోతే ఊపిరి మరిచిపోతావు. కథ చెప్పు."

"ఏ కథ..."

"పీతది. నాలుగోరోజు వదిలింది. తరవాత?"

"తరవాత... ఏముంది... వెళ్ళిపోయింది."

"ఎటు వెళ్ళింది?"

"పాలకాయతిప్ప... వైపు..."

"నడిచా, ఈదా? చెప్పు మావయ్యా! ఎవరన్నా చూశారా?" తల వాలినప్పుడల్లా నాగవంశీ భుజంతో పొడిచి లేపాడు. చేపల లారీ వెనక ఆటో ఇరుక్కుపోయినప్పుడు చెంప మీద చిన్నగా కొట్టాడు కూడా. పెడన నుంచి బందరు చేరేలోపు ఆ పీతకి పెళ్ళి చేసి, కాపురం పెట్టించి, మూడు తరాలు దాటించాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టించి, సాయంత్రందాకా కదపొద్దన్నారు. మత్తు అలవాట్లు మాన్పించే విభాగంలో కనకరత్నం సిస్టరుకి కబురు వెళ్ళింది. యాభై ఏళ్ళ మనిషి. వచ్చీ రాగానే పట్టీ చేతిలోకి తీసుకుంది.

"వయసెంతండీ?"

"అరవై ఏడమ్మా."

"బుద్ధెంత?"

శోభనాద్రి కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

"ఆ వయసులో ఊపిరి ఆగిపోతే ఎవరు జవాబు చెప్పాలి? ఇది చక్కెర బిళ్ళనుకున్నారా, ఎవరు పడితే వాళ్ళు రుచి చూడ్డానికి?" అంటూ నాగవంశీ వైపు తిరిగింది. ముక్కూ కళ్ళూ రోమాలూ ఒక్క చూపులో చదివేసింది. "నీకేంటయ్యా? ఎన్నాళ్ళయింది మానేసి?"

"సోమవారం వేసుకున్నాను సిస్టర్. తరవాత... పట్టీ ఎక్కడో పడిపోయింది. ఇవాళే దొరికింది."

"పడిపోలేదమ్మా" అన్నాడు మంచం మీదనుంచి శోభనాద్రి. "నేనే లాక్కున్నా."

సిస్టరు వెళ్ళి డాక్టరుకి చెప్పి, నాగవంశీని ఆయన చూశాక, బిళ్ళ తెచ్చి ఎదురుగా నిలబడి వాడి నాలుక కింద పెట్టించింది. నాగవంశీ పక్కన స్టూలు మీద కూర్చుని పెదాలు బిగించాడు.

ఆ తరవాత గంటసేపు శోభనాద్రి చేసిన పని ఒకటే. తల దిండు మీదనుంచి ఎత్తకుండా అల్లుణ్ణి చూడడం. ముందు మోకాళ్ళు ఆగాయి. తరవాత చేతుల మీద లేచిన రోమాలు గాలి తగ్గిన వరిచేనులా అణిగాయి. ముక్కు తుడుచుకోవడం తగ్గింది. వేళ్ళు ఒకదాని తరవాత ఒకటి తొడ మీద కుదురుగా చేరాయి. ఆఖరికి నాగవంశీ వెళ్ళి క్యాంటీనులో నాలుగు పూరీలు తిని, మావయ్యకి మజ్జిగ పట్టుకొచ్చాడు. తనని నేల మీద పడేసిన బిళ్ళే వీణ్ణి లేపి నిలబెట్టింది!

"అదెట్టాగమ్మా? బిళ్ళ ఒకటే కదా?"

కనకరత్నం సిస్టరు కేసు కాగితాలు రాస్తూనే చెప్పింది. "మీ ఒంటికి దాని అలవాటు లేదు, అందుకే పడగొట్టింది. అతని ఒంట్లో నొప్పి బిళ్ళ కూర్చుని కూర్చుని ఒక చోటు చేసుకుంది. ఆ చోటు ఖాళీ అయిందంటే ఒళ్ళు ఊరుకోదు, చూశారుగా. ఈ మందు వెళ్ళి అక్కడ కూర్చుంటుంది. దీంతో మత్తులో పడిపోడు, ఒళ్ళు నొప్పి బిళ్ళని వెతకదు. అన్నం తింటాడు, నిద్రపోతాడు, పనికెళ్తాడు. మనిషి గట్టిపడ్డాక డాక్టరు గారు మెల్లిగా తగ్గిస్తారు. అందరికీ ఇదే మందు కాదు. కొందరు వార్డులో ఉండి మానేస్తారు, కొందరికి వారం వారం కూర్చుని మాట్లాడితే చాలు. ఎవరికేది అన్నది డాక్టరు చూసి చెబుతారు, ఇంట్లోవాళ్ళు కాదు."

"గుడివాడ అవతల ఎక్కడో గొలుసేసి మాన్పిస్తారని మావాళ్ళు..."

"గొలుసు తీశాక?"

శోభనాద్రి ఆలోచించాడు. రంగు పటిక ఉన్న చోటే పట్టుకుంటుంది. పటిక అద్దకుండా ఎంత మంచి రంగు చెక్క వేసి ఎన్ని గంటలు ఉడకబెట్టినా కాలవలో మొదటి జాడింపుకే పోతుంది. పటిక తనంతట తాను రంగు కాదు. దాన్ని చూసి ఇదేం రంగు అని ఎవరూ తగువేసుకోరు. యాభై ఏళ్ళు పటికతో బతికినవాడికి ఆ బిళ్ళ కూడా పటికేనని తట్టలేదు!

"మీరేమన్నా మందులు వాడుతున్నారా?" సిస్టరు కాగితం తిప్పింది.

"బీపీ బిళ్ళ."

"ఎన్నాళ్ళబట్టి?"

"పదకొండేళ్ళు."

"రోజూనా?"

శోభనాద్రి మిగిలిన మజ్జిగ గబగబా తాగేశాడు. నాగవంశీ ఫ్యాను వంక చూస్తున్నాడు. వాడి పెదవి చివర ఏదో వణికింది. నీరసం కాదది.

"ఇందులో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది" అంది సిస్టరు పాత కాగితం తీసి. "నొప్పి బిళ్ళ మొదట ఎవరిచ్చారూ అంటే మీ అల్లుడు ఎప్పుడడిగినా గుర్తులేదంటాడు. మీకేమన్నా తెలుసా?"

నాగవంశీ గబుక్కున లేచి మజ్జిగ గ్లాసు కడగడానికి వెళ్ళబోయాడు. శోభనాద్రి వాడి చెయ్యి పట్టుకున్నాడు. మూడేళ్ళకిందట నలభై దుప్పట్లు వారంలో కావాలన్నారు. నాలుగోరోజుకి కుర్రాడి భుజం లేవలేదు. గేటు దగ్గర షాపులో పట్టీ కొని తెచ్చి, 'ఒకటి వేసుకోరా, చెయ్యి అదే లేస్తుంది' అన్నదెవరు? చెయ్యి లేచింది. దుప్పట్లు వెళ్ళాయి. మర్నాడు మళ్ళీ ఒకటి కావలసి వచ్చింది.

"రాసుకోమ్మా" అన్నాడు. "శోభనాద్రి. మేనమామ."

శుక్రవారం పొద్దున్నకి సంగతి పెడన దాటి చల్లపల్లి చేరింది. చేరేసరికి మేస్త్రి ఇరవై బిళ్ళలు మింగాడనీ, షెడ్డులో అందరూ మింగుతారనీ పెరిగింది. తన కథలు తప్ప వేరేవాళ్ళ కథలు పెరగడం శోభనాద్రికి మొదటిసారి నచ్చలేదు.

పూర్ణచంద్రరావు గారు పదింటికి స్కూటరు మీద వచ్చారు. తండ్రి ఉన్న రోజుల్లో ఆయనా బల్ల దగ్గర నిలబడ్డవాడే. ఇప్పుడు చొక్కా మడత నలగనివ్వరు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి మేస్త్రిని పిలిచారు.

"ఊళ్ళో నా షెడ్డుకి మందుల కొట్టని పేరు పెట్టారు మేస్త్రీ. రేపు హైదరాబాదునుంచి కొనేవాళ్ళు వస్తున్నారు. ఆ కుర్రాణ్ణి ఇవాళే పంపించెయ్. మంచివాడే కావచ్చు, నా వల్ల కాదు."

లోపల నాగవంశీ గుద్దు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పడింది.

"అట్టాగేనండి" అన్నాడు శోభనాద్రి. "మధ్యాహ్నం బాన దించుతున్నాం. కాలవ దగ్గరికి ఒక్కసారి రండి. ఉడికిన దుప్పట్లు చూసి చెప్పండి, మీరు పంపించమన్నవాళ్ళని పంపించేస్తాను."

రంగు చెక్కపొడీ, ఎరుపు తేలడానికి జాజాకూ వేసిన నీళ్ళు రాగి బానలో కుతకుతలాడుతున్నాయి. శోభనాద్రి స్వయంగా కర్రతో దుప్పట్లు తిప్పాడు. అప్పటిదాకా ఏమీ లేని బట్ట మీద ముందు గులాబీ నీడ లేచింది, తరవాత ఇటుక రంగు, తరవాత గట్టి ఎరుపు. బట్టలు తీసి కాలవకి మోసుకెళ్ళారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో చాకలి రాము వాటిని జాడించి గట్టు మీద గడ్డిలో పక్కపక్కన పరిచాడు. రెండు దుప్పట్లు.

పూర్ణచంద్రరావు గారు చెప్పులు విడిచి గట్టు దిగారు.

రెండోదాని అంచు మూలకి వచ్చేసరికి మెట్లలా విరిగింది. ఒకచోట ఎరుపు నల్లగీత దాటి పక్కకి జారింది, ఇంకోచోట పిందె కింద ఇంకో పిందె లేచింది. మొదటిది చూసి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడువేలు అంచు మీద పెట్టి ఒక అచ్చు ముగిసి రెండోది మొదలైన చోటు వెతుక్కుంటూ పొడుగంతా పాకారు. మూల తిరిగారు. మళ్ళీ పాకారు. తెల్లప్యాంటు మోకాళ్ళకి బురద అంటింది.

"దీనికి అతుకు దొరకడం లేదు. నీదా మేస్త్రీ?"

"కాదండి. నాగవంశీది. సోమవారం వేశాడు, బిళ్ళ వేసుకుని."

"ఆ పాడైంది?"

"అదీ వాడి చేతిదే. బుధవారం. నేను బిళ్ళ లాక్కున్నాక." శోభనాద్రి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఎవరో ఒకర్ని పంపించాలంటే పాడుచేసినవాణ్ణి పంపించాలి కదండీ. పాడుచేసింది నేను. మూడేళ్ళకిందట మొదటి బిళ్ళ వాడి నోట్లో పెట్టిందీ నేనే, మీ నలభై దుప్పట్ల కోసం. నన్ను పంపించండి. నా బల్ల వాడికివ్వండి. మీకు నష్టం రాదు."

బురద చేతులతో నిలబడ్డ నాగవంశీ "మావయ్యా" అనబోయి ఆగాడు. పూర్ణచంద్రరావు గారు ఆ మంచి దుప్పటి మూల ఎత్తి వెలుగుకి పట్టి చూశారు. దించారు. మోకాళ్ళు దులుపుకున్నారు, బురద ఇంకాస్త పాకింది.

"ఆసుపత్రికి వెళ్ళే రోజు ఏంట్రా నీకు?" అన్నారు నాగవంశీ వంక చూసి.

"శనివారమండి."

"రేపా?" ఫోను తీశారు. గట్టు ఎక్కుతూ మాట్లాడారు, అందరికీ వినపడింది. "ఆఁ, నమస్కారమండీ... రేపొద్దండి, ఆదివారం రండి. మా ప్రింటరు రేపు ఊళ్ళో ఉండడు. అవునండి, అతనుండాలి. అతనే చూపిస్తాడు."

సుధాకర్ వేసిన ఈలకి కాలవలో బాతులు లేచి పోయాయి. నాగవంశీ గడ్డిలో కూర్చుండిపోయి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వచ్చింది. ఆ చేతులు మాత్రం వణకలేదు.

అందరూ షెడ్డుకి వెళ్ళిపోయాక శోభనాద్రి పాడైన దుప్పటి మడత పెడుతుంటే, నీళ్ళలోంచి రాము అడిగాడు. బట్ట పిండుతూనే అడిగాడు, ఇటు చూడలేదు.

"బాబాయ్, ఆ బందరు గది ఎటువైపు ఉంటుంది?"

"ఎవరికి?"

"తెలిసినాయన ఒకాయనున్నాడ్లే."

"పెద్ద గుమ్మంలోంచి వెళ్ళి చీటీ రాయించుకోవాలి. ఆ వరస దాటాక ఎడంపక్క మెట్లు. పైన రెండో తలుపు. కనకరత్నం సిస్టరని అడగాలి. తిడుతుంది, పట్టించుకోవద్దను." ఒక్క ముక్క అబద్ధం కలపకుండా చెప్పేసరికి శోభనాద్రికే కొత్తగా ఉంది. "మొదటిసారి ఆ మెట్లు ఎక్కడానికి కాళ్ళు రావు. ఆయన్ని రేపు ఏడున్నర బస్సు దగ్గరికి రమ్మను. నేనూ అల్లుడూ వెళ్తున్నాం."

"ఊరూ పేరూ అడుగుతారేమో బాబాయ్, బస్సులో."

"నేనడగను. సీటు ఆపుతానంతే."

శనివారం ఏడున్నర బస్సులో నాగవంశీ కిటికీ పక్కన కూర్చున్నాడు. శోభనాద్రి మధ్యలో కూర్చుని చివరి సీటు మీద తువ్వాలు పరిచాడు. అది అడిగిన నలుగురికీ మనిషొస్తున్నాడని చెప్పాడు. కండక్టరు రైట్ అన్నాక, బస్సు కదలబోతుంటే ఒక మనిషి పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని రాము ఒక్కడే వచ్చాడు. వెనక ఇంకెవరూ లేరు.

శోభనాద్రి నోటిదాకా వచ్చింది, తెలిసినాయనేడ్రా అని. దాన్ని అక్కడే మింగేసి, తువ్వాలు తీసి, జరిగి చోటిచ్చాడు.